నడిమైదానం మట్టి

పదకొండేళ్లు అతని చొక్కా ఉతికాను.
ఆటగాడి సంగతి కోచ్‌ని అడక్కండి,
నన్నడగండి, చొక్కా తిరగేసి చెబుతాను.

గోల్‌కీపరుకి మోచేతుల దగ్గర చిరుగు.
డిఫెండరుకి తుంటి పక్కన పచ్చిక చార.
గోలు కొట్టేవాడి మట్టంతా కిందే,
సంబరంతో మోకాళ్ల మీద జారినప్పటిది.
అది సబ్బు పెట్టకుండానే వదుల్తుంది.
మెల్కియానుస్ సోపమెనా చొక్కాకి మాత్రం
ఫలానా చోట అని చెప్పలేని మురికి,
వాన వెలిసిన సందులా
ఈ కొస నుంచి ఆ కొసకి.

సపరువా దీవి వాడు. పంతొమ్మిదేళ్లకి వచ్చాడు.
అంబోన్ దాకా పడవ, సురబాయ దాకా ఓడ,
అక్కణ్ణుంచి బ్రంతాస్ ఒడ్డున మా ఊరికి
నిలబడి బస్సులో.
సంచిలో రెండు జతల బూట్లు, ఒక జత మేనమామవి.
అడుగున గుడ్డమూటలో లవంగాలు.

వాళ్ల ఊళ్లో రోడ్డు మీదే చాపలు పరిచి
లవంగం ఎండబెడతారట.
చాపకీ చాపకీ మధ్య జానెడు దారి.
ఒక్క మొగ్గ చెదిరినా అమ్మమ్మ చీపురు లేచేది.
"ఖాళీ ఎక్కడుందో చూడ్డం
నాకు చీపురు నేర్పింది, పాక్ సర్మిది" అనేవాడు.
నిజమే.
బంతి రాకముందే తల తిప్పి చూసేవాడు,
ఎవరో కొట్టడానికొస్తున్నట్టు.

సెమీఫైనల్లో, కుండపోతలో, మేం గెలిచిన రోజు
పేపర్లో తొమ్మిదో నంబరు కుర్రాడి ఫోటో.
ఫోటో అంచున ఎవరిదో మోచెయ్యి.
ఎవరిదో ఏమిటి, ఆ చేతికుట్టు నాది.
నలుగురిని దాటించి బంతినక్కడికి చేర్చిన మనిషి
అంతమట్టుకే అచ్చయ్యాడు.

ఆ తర్వాత ఐదు నెలలు జీతాల్లేవు.
ఆ తర్వాత క్లబ్బునే అమ్మేశారు,
పేరుతో, లీగులో చోటుతో, బస్సుతో సహా.
మంగళవారం మేం జావా జట్టు,
శుక్రవారానికి మహాకం నది ఒడ్డున
మా పాట రాని జనం ముందు నిలబడ్డాం.
నన్నూ, రెండు ఇస్త్రీపెట్టెల్నీ ఓడెక్కించారు.
ఆ నీళ్లకి నురగ రాదు.

లీగు ఆగిపోయిన ఏడాది
ఊరూరా పందేలాటలు ఆడాడు, వేరే పేరు మీద,
నూడుల్స్ కొట్టు బొమ్మున్న చొక్కాతో.
ఆట కాగానే కవరు చేతిలో పెడతారు.
అందులో ఎంతుందో అక్కడ లెక్కపెట్టకూడదు.
రాత్రిళ్లు ఆ చొక్కాలూ నా దగ్గరికే వచ్చేవి.
నేనేమీ అడిగేవాణ్ణి కాను.

ఒకరాత్రి వచ్చిన చొక్కాకి
వీపు మీదే మట్టి.
ముందువైపు తెల్లగా, దండెం మీంచి తీసినట్టు.
చూడగానే తెలిసిపోయింది,
చాలాసేపు పడుకునే ఉన్నాడని.

మోకాలు. కుడిది.
ఆపరేషన్‌కి మేనమామ పడవ ఇంజను అమ్మాడు.
మళ్లీ వచ్చాడు, రెండు సీజన్లు ఆడాడు.
ముందుకి ఇవ్వాల్సిన బంతి పక్కకిచ్చేవాడు.
జనం ఈలలేసేవాళ్లు. వేయరా మరి?
టికెట్ కొనుక్కున్నవాడికి మోకాలు కనపడదుగా.

మొత్తం ఏడు గోల్స్. అందులో ఒకటి మా గోల్లోకే.
చివరి ఆటలో అరవయ్యో నిమిషానికి పిలిచేశారు.
చొక్కా ఇంచుమించు పొడిగా ఉంది.
"ఇది ఉంచుకోవచ్చా?" అనడిగాడు.
క్లబ్బు లెక్కలో ఇరవైమూడో నంబరువి రెండే,
రెండూ తిరిగిచ్చేయాలి.
చెప్పాను. తలూపాడు.
అంత మర్యాదగా ఊపకుండా ఉండాల్సింది.

ఇప్పుడు అంబోన్ రేవులో పడవ టికెట్లు చింపుతాడట.
ఏటా పంట కోతకి ఓ పొట్లం పంపుతాడు.
చొక్కాల బీరువాలో, పురుగు పట్టకుండా,
అరకి గుప్పెడు చల్లుతాను.

ఇరవైమూడు ఇప్పుడో కొత్త కుర్రాడిది.
గోల్స్ కొడతాడు, జారతాడు, సబ్బు ఖర్చు తక్కువ.
మొన్న చొక్కా తొడుక్కుంటూ ముక్కు చిట్లించాడు.
ఇక్కడి సిగరెట్లలో లవంగం కలుపుతారు కదా,
"పెద్దాయనా, బీరువా దగ్గర కాలుస్తున్నావా?"

మానేసి పద్నాలుగేళ్లయింది.
ఏదో ఒకటి అనాలి కదా,
"ఒక్కటేరా" అన్నాను.